వంద కిలోబైట్లలో బ్రహ్మానందం

కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెళ్లి ఖర్చుల మీద మాటామాటా పెరుగుతుంటే మధ్యలో ఎవరో ఒక బ్రహ్మానందం స్టిక్కర్ వదులుతారు. కనుగుడ్లు పైకి తిరిగి, కింది పెదవి ఒక పక్కకి జారిన మొహం. అక్షరం ముక్క ఉండదు. అప్పటిదాకా లెక్కలు తీస్తున్న పెద్దబాబాయి కూడా ఓ నవ్వు బొమ్మ పెట్టేసి ఊరుకుంటాడు. ఆ స్టిక్కర్ 512 పిక్సెళ్ల వెడల్పు, 512 పిక్సెళ్ల ఎత్తు. బరువు 100 కిలోబైట్లు దాటకూడదని వాట్సాప్ నిబంధన. ఫోనుతో తీసిన మూడు మెగాబైట్ల ఫొటోలో అది ముప్పయ్యో వంతు.

అంత చిన్న జాగాలో ఇంతగా నవ్వించే మొహం ఈయనదే ఎందుకయింది? తెలుగులో హాస్యనటులకు కరువెప్పుడూ లేదు. సినిమాలు ఎక్కువ చేశాడు కాబట్టి అనేది తేలికైన జవాబు. జీవించి ఉన్న నటుల్లో అత్యధిక చిత్రాల్లో కనిపించినందుకు గిన్నిస్ పుస్తకంలో ఆయన పేరుంది. 2009లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ నిజమే. కానీ లెక్కే కారణమైతే వందల సినిమాల్లో నటించిన అల్లు రామలింగయ్య స్టిక్కర్లు కూడా అదే జోరుగా తిరగాలి. తిరగడం లేదు. ఒక్కో పరికరం ఒక్కో రకం హాస్యాన్ని జల్లెడ పడుతుంది. జల్లెడ కన్ను మారితే పైన మిగిలే గింజ మారుతుంది. స్టిక్కర్ అనే జల్లెడలో మిగిలిన గింజ బ్రహ్మానందం. వేరే జల్లెడల్లో వేరేవాళ్లు మిగిలారు.

చెవి, కన్ను, మళ్లీ చెవి

రేడియో రోజుల్లో ఆకాశవాణి సంక్షిప్త శబ్దచిత్రాలు ప్రసారం చేసేది. రెండున్నర గంటల సినిమాను గంటకు కుదించి, బొమ్మ లేకుండా వినిపించడం. ఓరచూపు, తడబడిన నడక, పంచె జారడం వంటివన్నీ అక్కడ దండగ. మాట విరుపు, యాస, నత్తి, ఒకే మాటను పదేపదే వాడే ఊతపదం మాత్రం నిలిచేవి. 1982 తర్వాత సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు జంట హాస్యం ‘సుత్తి’నే తమ ఇంటిపేరు చేసుకునేంతగా పాకిపోయింది, విసుగెత్తించే ప్రసంగానికి ‘సుత్తి’ అన్న మాట ఇంటింటికీ చేరింది. అది పూర్తిగా చెవికి సంబంధించిన హాస్యం. నేరెళ్ల వేణుమాధవ్ ధ్వన్యనుకరణ ఊరూరా జనాన్ని కట్టిపడేసిన రోజులూ అవే.

1995లో ఈటీవీ, జెమినీ వంటి ఉపగ్రహ చానళ్లు వచ్చాక అదే కామెడీ బిట్టు నెలకు మూడుసార్లు ఇంట్లోకి రావడం మొదలైంది. ఈ పునరుక్తి చేసిన మేలును చాలామంది గుర్తించరు. మీమ్ టెంప్లేట్ అంటే బొమ్మ కాదు, అందరికీ కంఠతా వచ్చిన సన్నివేశానికి గుర్తు. సామెతలో సగం చెబితే మిగతా సగం విన్నవాడే పూరించుకున్నట్టు, మొహం చూపిస్తే ముందూ వెనకా కథను చూసినవాడే నింపుకుంటాడు. ఆ కంఠస్థం చేయించింది మధ్యాహ్నపు టీవీ.

ఆ తర్వాత జల్లెళ్లు చకచకా మారాయి. 2014 నవంబరులో డబ్‌స్మాష్ వచ్చి, సినిమా మాటకు పెదవులు కదిపే సరదాను ఫోన్లోకి తెచ్చింది, అంటే చెవి. 2018 అక్టోబరులో వాట్సాప్ స్టిక్కర్లు తెచ్చింది, అంటే కన్ను. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించడంతో ఖాళీ అయిన జాగాలోకి జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగాయి. యూట్యూబ్ షార్ట్స్‌ను సెప్టెంబరులో ముందుగా మన దేశంలోనే పరీక్షకు పెట్టారు. రెండూ మొదట్లో 15 సెకన్లే. ఒకరి గొంతును వేలమంది వాడుకునే పద్ధతితో మళ్లీ చెవికి పెద్దపీట పడింది. అయితే ఈసారి కన్ను కూడా పక్కనే కూర్చుంది.

మొహం కోసే పద్ధతి

స్టిక్కర్ తయారీ అంటే వెనక గోడను చెరిపేయడమే అనుకుంటారు. అది ఆఖరి పని. మొదటిది ఫ్రేము ఏరుకోవడం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు వెలుగు తగిలే సమయం సాధారణంగా సెకనులో 48వ వంతు. ఆ వ్యవధిలో తల కదిలితే ముక్కూ చెంపా కలిసిపోతాయి. కాబట్టి నటుడు హావభావాన్ని పతాకస్థాయికి తీసుకెళ్లి అక్కడ క్షణం నిలబెట్టినప్పుడే పదునైన ఫ్రేము దొరుకుతుంది. బ్రహ్మానందం చేసేది సరిగ్గా అదే. ఎదుటివాడి మాట అయ్యాక మొహాన్ని ఒక భంగిమలో పట్టి ఉంచుతారు, కెమెరా కూడా అక్కడే ఆగుతుంది. వేగంగా మాట్లాడుతూ చేతులు తిప్పే నటుల దగ్గర ఇరవై ఫ్రేములు చూసినా ఒక్కటి పనికి రాదు. వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో ఇంగ్లిష్ ‘e’ మీట నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమూ కదులుతుంది. పెదవి పూర్తిగా లాగిన ఫ్రేముకు ఒకటి రెండు ముందు ఆగితే మేలు. అంచు దాటిన మొహం కంటే దాటబోతున్న మొహం ఎక్కువ సందర్భాలకు సరిపోతుంది.

రెండోది కొలత. స్టిక్కర్ చుట్టూ 16 పిక్సెళ్ల ఖాళీ వదలమని వాట్సాప్ చెబుతుంది, కాబట్టి వాడుకోగలిగిన ఎత్తు 480. సినిమాస్కోప్ చిత్రపు హెచ్‌డీ ప్రతి 1920 వెడల్పుకు సుమారు 804 ఎత్తు ఉంటుంది. నడుము దాకా చూపే మిడ్ షాట్‌లో తల ఫ్రేములో మూడో వంతు ఉందనుకుంటే 268 పిక్సెళ్లు. దాన్ని 480కి సాగదీస్తే మొహం మసకబారుతుంది. క్లోజప్‌లో తల మూడింట రెండొంతులు ఉంటే 536. కాస్త కుదిస్తే చాలు, కనుబొమ్మ వెంట్రుకలు కూడా నిలుస్తాయి. రియాక్షన్ క్లోజప్ ఎవరికి ఎక్కువ పడిందో వాళ్లే స్టిక్కర్లలో బతికారు. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకరి మాటకు ఒకరు మాట తగిలించే జంటల హాస్యం టూ షాట్‌లో, అంటే ఇద్దరినీ ఒకే ఫ్రేములో తీసినది. ఒకరిని కోస్తే రెండోవాడు లేక నవ్వు లేదు, ఇద్దరినీ ఉంచితే మొహాలు శనగగింజలంత.

పాత వీసీడీ నుంచి తీసిన ముక్కలతో ఇంకో తంటా. వీసీడీ బొమ్మ కొలతే 352 బై 288. అందులో స్కోప్ సినిమా మిడ్ షాట్ అయితే తల అరవై డెబ్బై పిక్సెళ్లు దాటదు. బొమ్మను పెద్దది చేసే ఏ ఏఐ అప్‌స్కేలర్‌కు ఇచ్చినా అది కొత్త కళ్లు, కొత్త పళ్లు తగిలించి ఇంకెవరినో తయారు చేస్తుంది. టీవీ నుంచి రికార్డు చేసిన ముక్కల్లో కదిలే అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. అది ఇంటర్‌లేస్ చేసిన వీడియో, అంటే సరి గీతలు, బేసి గీతలు విడివిడిగా చూపేది. ముందు డీఇంటర్‌లేస్ చేయకపోతే స్టిక్కర్ చెంపలకు కూడా ఆ గీతలు మిగులుతాయి. నిర్మాణ సంస్థలు యూట్యూబ్‌లో పెట్టిన ప్రతి దొరికితే దాన్నే వాడాలి.

మిగిలినవి చకచకా. నేపథ్యం తీసేశాక మొహం చుట్టూ 8 పిక్సెళ్ల తెల్ల అంచు వేయాలి. లేకపోతే నల్లజుట్టు డార్క్ మోడ్‌లో మాయమై బోడిగుండు కనిపిస్తుంది. ఫైలు వెబ్‌పీ అనే బొమ్మల ఫార్మాట్‌లో ఉండాలి. కదిలే స్టిక్కరైతే 500 కిలోబైట్లు, 10 సెకన్లు పరిమితి. ప్యాకులో కనీసం 3, గరిష్ఠం 30. ప్యాకు గుర్తుకు 96 బై 96 బొమ్మ, 50 కిలోబైట్లలోపు. కదిలే స్టిక్కర్ బరువు మించితే అందరూ నాణ్యత తగ్గిస్తారు. దానికంటే ఫ్రేములను సెకనుకు 12కి తగ్గించి, నిలబెట్టిన మొహాన్ని ఒకే ఫ్రేముగా ఎక్కువసేపు ఉంచడం నయం. వెబ్‌పీలో ఒక్కో ఫ్రేముకు వేర్వేరు వ్యవధి పెట్టుకోవచ్చు.

చిత్రమేమిటంటే కొలతల ప్రకారం 1950ల నాటి రేలంగి, రమణారెడ్డి నేటి ఫోనుకు ఎక్కువ అనువైనవాళ్లు. అప్పటి సినిమా తెర దాదాపు చతురస్రం, 1.37కు 1 నిష్పత్తి. నిలువు వీడియోలో 1080 వెడల్పుకు ఆ సినిమా 788 పిక్సెళ్ల ఎత్తు నింపుతుంది. 2.39 నిష్పత్తి స్కోప్ చిత్రం 452 దగ్గరే ఆగిపోతుంది, మొత్తం 1920 ఎత్తులో పావు వంతు కూడా కాదు. అయినా రేలంగి మీమ్‌లు అరుదు. ఫోను పట్టుకున్న తరానికి ఆ సన్నివేశాలు కంఠతా లేవు. పరికరం ఒక్కటే తీర్పరి కాదన్నమాట.

కంఠతా లేకుండా మొహాన్ని మాత్రమే చూసి వాడితే ఏమవుతుందో కొత్త ట్రోల్ పేజీల్లో రోజూ కనిపిస్తుంది. 1993 నాటి ‘మనీ’లోని ఖాన్ దాదా పేరుకే పెద్ద రౌడీ, లోపల పిరికి. ఆ బొమ్మను నిజంగా గెలిచినవాడి ఎలివేషన్‌కు వాడితే సినిమా తెలిసినవాళ్లకు అది పొగడ్తలా కాక ఎగతాళిలా తగులుతుంది. అభిమానుల మధ్య కొట్లాటల్లో సగం ఇలాంటి టెంప్లేట్ తప్పులే.

అక్షరం అతికితేనే పంచ్

మొహం ఒక్కటే చాలనుకుంటే స్టిక్కర్. సందర్భం చెప్పాలంటే పైన ఒక వాక్యం కావాలి, అక్కడ తెలుగు లిపి తన లెక్క తను అడుగుతుంది.

అన్ని లిపుల గుర్తులకూ అంకెలిచ్చే యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. ‘బ్రహ్మానందం’ అన్న పేరులో పొల్లు, దీర్ఘం, సున్నాలతో కలిపి 11 గుర్తులు, 33 బైట్లు. అదే ఇంగ్లిష్ అక్షరాల్లో 12 బైట్లు. నేటి ఫోన్లకు ఈ తేడా లెక్కలోనిది కాదు. కానీ ఎస్సెమ్మెస్ జోకుల కాలంలో అదే తలరాత రాసింది. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక సందేశంలో 160, తెలుగు లిపిలో అయితే 70 మాత్రమే. పైగా చాలా హ్యాండ్‌సెట్లలో తెలుగు ఫాంటే లేదు, గళ్లు కనిపించేవి. అందుకే తెలుగు జోకు ఇంగ్లిష్ అక్షరాల చొక్కా తొడుక్కుంది. ఫాంట్లు వచ్చి పదేళ్లు దాటినా ఆ చొక్కా విప్పలేదు. అలవాటు ఒక కారణం. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేని పిల్లలు, ముఖ్యంగా హైదరాబాద్ కార్పొరేట్ బడులవాళ్లు, డాలస్, న్యూజెర్సీల్లో పెరిగినవాళ్లు ఇంకో కారణం.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే హ్రస్వదీర్ఘాలు, త-ట తేడాలు పోతాయి. పాట, పాత, పట మూడూ ఒకేలా కనిపిస్తాయి. మేడ, మెడ ఒక్కటే. పంచ్ ఆ మాట మీదే ఉంటే చదివేవాడు ఒకసారి తడబడి, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. అప్పటికి నవ్వు దాటిపోతుంది. యాస హాస్యానికి దెబ్బ ఇంకా పెద్దది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ వీడియోల్లో నవ్వంతా మాట దీర్ఘంలో, సాగదీతలో ఉంటుంది. ఆ మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో మీమ్ చేస్తే అందులో నటించే గంగవ్వ గొంతు తెలిసినవాడికి తప్ప పట్టుబడదు. వాక్యమంతా ఎలా రాసినా, పంచ్ మాటను మాత్రం తెలుగు లిపిలో రాయడం మేలు.

తెలుగు లిపికి జాగా ఎక్కువ కావాలి. పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ల దూరం తెలుగుకు సరిపోదు. ఫాంటు సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుళ్లకు తగులుతాయి. 1080 వెడల్పు బొమ్మలో 60 పిక్సెళ్లకు తగ్గిన తెలుగు అక్షరం వాట్సాప్ ప్రివ్యూలో చదవరాదు. నల్ల అంచు అలవాటు కూడా ఇంగ్లిష్ మీమ్‌ల నుంచి వచ్చింది. అంచు మందం పెంచితే ‘ఠ’లో చుక్క పూడుకుపోయి ‘ర’ అవుతుంది, ‘థ’లో చుక్క పోయి ‘ధ’ అవుతుంది. అంచు 60 పిక్సెళ్ల అక్షరానికి మూడు నాలుగు పిక్సెళ్లు మించకూడదు. లేదా అంచు మానేసి తెల్ల పట్టీ మీద నల్ల అక్షరం రాయాలి.

ఫాంట్ల విషయంలో ఇప్పుడు సాకులు చెల్లవు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర పూనికతో వచ్చిన రామభద్ర, మండలి, సురన్న, రామరాజ, గురజాడ, ధూర్జటి, పొన్నాల వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. మీమ్ పట్టీకి బొద్దుగా ఉండే రామభద్ర బాగా నిలుస్తుంది. వాటిలో ‘తెనాలి రామకృష్ణ’ అనే ఫాంటు కూడా ఉంది, కానీ అది వాడినంత మాత్రాన నవ్వు రాదు. ఫ్లెక్సీ దుకాణాల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫైలు నుంచి మాటలు కాపీ చేసి ఫోన్ యాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి; ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంటే తప్పు ఫాంటుది కాదు. పేరాగ్రాఫ్ ప్యానెల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోకపోవడం. ఫోన్లో పిక్సెల్‌ల్యాబ్ యాప్‌లో సొంత ఫాంటు ఎక్కించుకోవచ్చు కాబట్టి చాలామంది మీమర్లు దాన్ని వదలరు.

‘ఫేస్‌బుక్’ అని రాసేటప్పుడు స పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే ‘ఫేస్బుక్’ అని బ కిందికి దిగుతుంది. ఈ కనిపించని గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా తెలుగు పేరు మోగించింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ గుర్తు, చివర దీర్ఘం: ఈ వరుసను చూపించబోయిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ కుప్పకూలేది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లకు ఆ అక్షరం నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్ మళ్లీ మళ్లీ మొదలవుతూ కూర్చునేది. ఆకతాయిలు దాన్ని ట్విటర్లో తమ పేరుగా పెట్టుకున్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి మరమ్మతు చేసింది. జ్ఞానంలోని మొదటి అక్షరమే లక్ష రూపాయల ఫోన్లను పడుకోబెట్టడం మీద ఆ వారమంతా తెలుగువాళ్లు వేసుకున్న జోకులు అన్నీ ఇన్నీ కావు.

బొమ్మ తయారయ్యాక దాచే రూపమూ ముఖ్యం. జేపెగ్ బొమ్మను 8 బై 8 గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో సూక్ష్మమైన అంచులను ముందుగా పారేస్తుంది. రంగు వివరాన్ని సాధారణంగా అడ్డంలోనూ నిలువులోనూ సగానికి తగ్గిస్తుంది. నీలం మీద ఎర్ర అక్షరం కారిపోయినట్టు కనిపించడానికి కారణం అదే. మూలప్రతిని నాణ్యత పోని పీఎన్‌జీగా దాచి, పోస్టు చేసేటప్పుడు మాత్రమే జేపెగ్ చేయాలి. ఫార్వర్డ్ చేస్తే ఫైలు చెడదు. స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ ఎక్కించినప్పుడల్లా ఇంకో పొర అరుగుతుంది. ఒక పేజీ లోగోను ఇంకో పేజీ కోసేసి తన లోగో అతికించి పోస్టు చేసే అలవాటు వల్ల ఆరేడు చేతులు మారిన మీమ్‌లో ఒత్తులు పిండిబొమ్మలవుతాయి. వాట్సాప్‌లో 2023 నుంచి ఉన్న హెచ్‌డీ మీట కొంత కాపాడుతుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు కుదింపే ఉండదు.

వెతికితే దొరకాలి

కదిలే బొమ్మల జిఫ్ లైబ్రరీల్లో తెలుగు బొమ్మలు బోలెడు ఉన్నా దొరకకపోవడానికి కారణం ట్యాగులు. అప్‌లోడ్ చేసినవాళ్లు సినిమా పేరు, నటుడి పేరు మాత్రమే రాస్తారు. వెతికేవాడు సినిమా పేరుతో వెతకడు. ఏడుపు, కోపం, ‘ఏంటి’, ‘అయిపోయింది’ అని కొడతాడు, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో. ‘ఏంటి’ని మొదట ‘e’తో, ‘y’తో, ‘a’తో రకరకాలుగా రాస్తారు. కాబట్టి ఒక్కో బొమ్మకు నాలుగు రకాల ట్యాగులు ఇవ్వాలి: నటుడి ముద్దుపేరు, భావం తెలుగు లిపిలో, అదే భావం రెండు మూడు ఇంగ్లిష్ వర్ణక్రమాల్లో, ఏ సందర్భంలో వాడతారో ఒక మాట. వాట్సాప్ స్టిక్కర్లకు ఒక్కోదానికి మూడు ఎమోజీల దాకా తగిలించవచ్చు. అన్నిటికీ నవ్వు ఎమోజీయే తగిలిస్తే ముప్పై స్టిక్కర్లూ ఒకే చోట పోగుపడి ఏదీ చేతికందదు.

జిఫ్ అన్న పేరు కూడా ఇప్పుడు పేరుకే. 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చిన ఆ రూపంలో ఒక ఫ్రేములో 256 రంగులకు మించి ఉండవు. మన సినిమాల్లో పసుపు గోడ ముందు చామనఛాయ మొహం ఉంటే చెంపల మీద మెట్లు మెట్లుగా రంగు విరుగుతుంది. వాట్సాప్ ‘జిఫ్’ అని పంపేది నిజానికి శబ్దం తీసేసిన ఎంపీ4. వెబ్‌సైటు కోసం నిజమైన జిఫ్ కావాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంలో పాలెట్‌జెన్‌తో ఆ ముక్కకే ప్రత్యేకంగా రంగుల పట్టిక తీసి, పాలెట్‌యూజ్‌తో అద్దడం తప్పనిసరి. రెండు దశలు కలిపి నిమిషం పని, తేడా కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది.

అర సెకను

వీడియో మీమ్‌లో ఎక్కువ హత్యలు చేసేది సైలెన్స్ తీసేసే మీట. అర సెకను మించిన నిశ్శబ్దాన్నల్లా ఎడిటింగ్ యాప్ దానంతటదే కోసేస్తుంది. పాఠం చెప్పే వీడియోకు బాగుంటుంది. తెలుగు కామెడీకి మాత్రం ఆ నిశ్శబ్దమే సరుకు. ఎదుటివాడు మాట అన్నాక మొహం మారడానికి పట్టే వ్యవధిలోనే ప్రేక్షకుడు ముందుకు వంగుతాడు. కోయాల్సింది మాటకు ముందున్న ఖాళీని. మాట తర్వాత ఖాళీని ముట్టుకోకూడదు. రియాక్షన్ షాట్‌కు దాదాపు ఒక సెకను ఇచ్చి, శబ్దాన్ని బొమ్మ కంటే మూడు నాలుగు ఫ్రేముల ముందు మొదలుపెడితే కోత తెలియదు.

24 ఫ్రేముల సినిమా ముక్కను 30 ఫ్రేముల ప్రాజెక్టులో పెడితే ప్రతి నాలుగు ఫ్రేముల్లో ఒక ఫ్రేము రెండుసార్లు పడుతుంది. మెల్లగా తిరిగే కనుగుడ్లు జర్కులు కొడతాయి. సినిమా ముక్కలతోనే పని అయితే ప్రాజెక్టును 24లోనే ఉంచాలి. నిలువు తెరలో స్కోప్ ముక్క 452 పిక్సెళ్లే నింపుతుంది కాబట్టి పైన సందర్భ వాక్యానికి కావలసినంత జాగా. కింది అయిదో వంతు మాత్రం వదిలేయాలి. అక్కడ ఖాతా పేరు, వివరణ, మీటలు కూర్చుంటాయి. పంచ్ వాక్యాన్ని అక్కడ పెట్టి లైక్ మీట కింద పాతిపెట్టిన వీడియోలు లెక్కలేనన్ని.

శబ్దంలో తరచు చేసే పొరపాటు ‘ధడేల్’ శబ్దాన్ని హెడ్‌ఫోన్లో విని ఖాయం చేయడం. ఫోను స్పీకరు 200 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు మూగది. హెడ్‌ఫోన్లో గుండె అదిరిన శబ్దం బస్సులో ఫోను పట్టుకున్నవాడికి అసలు వినపడదు. ఆ శబ్దానికి పైస్థాయిలో ఒక చప్పుడు, తలుపు కొట్టినట్టో గిన్నె పడ్డట్టో, కలపాలి. గిన్నె పడ్డ చప్పుడు మన కామెడీ సీరియళ్లలో ఎందుకంత వాడతారో ఇక్కడ తెలుస్తుంది.

ఎవరి మొహం, ఎవరి గొంతు

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి, విమర్శ లేదా సమీక్షకు, వర్తమాన సంఘటనల వార్తలకు న్యాయమైన వినియోగం అనుమతిస్తుంది. పేరడీ, వ్యంగ్యం అన్న మాటలు ఆ జాబితాలో లేవు. ఆచరణలో మీమర్లకు తగిలేది కోర్టు కంటే ముందు, హక్కుదారుల సినిమాలతో పాటలతో వీడియోలను దానంతటదే పోల్చి పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ. క్లెయిమ్ వస్తే ఆదాయం హక్కుదారుకు పోవచ్చు, వీడియో ఆగిపోవచ్చు. ఖాతాకు దెబ్బ లేదు. హక్కుదారు ఫిర్యాదుపై వీడియో తీసేసినప్పుడు పడే స్ట్రైక్ వేరు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానలే పోతుంది. సన్నివేశం కంటే వెనక పాటే ఎక్కువగా పట్టిస్తుంది కాబట్టి పాట ఉన్న ముక్కను ఏరుకోకపోవడం మొదటి జాగ్రత్త.

మొహం మీద హక్కు ఇంకో దారి. 2023లో అనిల్ కపూర్ పేరు, గొంతు, రూపాలను అనుమతి లేకుండా వాణిజ్యానికి వాడకుండా ఢిల్లీ హైకోర్టు ఆదేశమిచ్చింది. 2024లో జాకీ ష్రాఫ్ కేసులో సరుకులు అమ్ముకునేవాళ్లను ఆపిన అదే కోర్టు, ‘థగ్ లైఫ్’ తరహాలో కూర్చిన ఒక హాస్య వీడియోను మాత్రం వెంటనే తీసేయమనలేదు. 2025లో చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో మధ్యంతర రక్షణ దొరికింది. ఈ ఆదేశాల్లో సాధారణంగా కనిపించే గీత ఒకటే: నవ్వించడం వేరు, ఆ మొహంతో టీషర్టు అమ్మడం వేరు. స్టిక్కర్ యాప్‌లో ప్రకటనలు పెట్టి డబ్బు చేసుకునేవాళ్లు ఆ గీతకు ఏ పక్క ఉన్నారో చూసుకోవాలి.

ఇప్పుడు గొంతును కూడా ఏఐ తయారు చేస్తోంది. హాస్యనటుడి అరనిమిషం మాట ఇస్తే అదే గొంతుతో ఏ వాక్యమైనా పలికిస్తుంది. అయినా ఇలా పలికించిన మాటలు పెద్దగా నవ్వు తెప్పించవు. మిమిక్రీ కళాకారుడు ఒక గొంతులోని రెండు మూడు గుణాలను పట్టి పెద్దవి చేస్తాడు: ముక్కుతో పలికే ఒక అక్షరం, మాట చివర తెగే శ్వాస. వేదిక మీద ఆ అతిశయానికే చప్పట్లు. గొంతును నకలు తీసే ఏఐ క్లోన్ పని అందుకు వ్యతిరేకం. గొంతు సగటును నేర్చుకుని, ఎత్తుపల్లాలను చదును చేస్తుంది. పోలిక అచ్చుగుద్దినట్టు ఉంటుంది, పలుకు మాత్రం వార్తలు చదివినట్టు ఉంటుంది. దానికి తోడు, కామా దగ్గరా ఫుల్‌స్టాప్ దగ్గరా చాలాసార్లు ఒకేలా ఆగుతుంది. మాట మధ్యలో అనుమానంగా ఆగడం సరిగా రాదు. అందుకే క్లోన్ గొంతుతో పనిచేసే ఎడిటర్లు వాక్యాన్ని మూడు ముక్కలుగా పలికించి, పంచ్ మాటకు ముందు ఖాళీని టైమ్‌లైన్లో చేత్తో పెడతారు. 400 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, యాభై చొప్పున పెంచుతూ తగ్గిస్తూ, ఫోను స్పీకర్లోనే విని చూస్తారు.